చక్రాలు నేలకు ఆనాక

"దీవించు, అమ్మమ్మా."

మూసిన తలుపు అవతల్నుంచి జవాబు రాలేదు.

యామిల్ కాఫీ కప్పు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంకోసారి అడిగాడు. లోపల మంచం కిర్రుమంది. అంతే.

వంటింటి గుమ్మంలోంచి అతని తల్లి ఎనెయిదా ఇదంతా చూస్తోంది. ఆ ఇంట్లో ఎంత పోట్లాట జరిగినా దీవెన మాత్రం ఎన్నడూ ఆగలేదు. ఆమె మొగుడు ఇంకొకామెతో వెళ్లిపోయిన రోజున కూడా గడప దగ్గర ఆగి అత్తగారిని దీవెన అడిగాడు. ఆ అత్తగారు, ఎనెయిదా తల్లి ప్రొవిదెన్సియా, నోటికొచ్చినట్టు తిట్టి, ఆ తిట్ల చివర "దేవుడు నిన్ను దీవించుగాక" అని, అప్పుడు తలుపు వేసింది. అలాంటి మనిషి నిన్న పొద్దుట్నుంచీ మనవడికి దీవెన ఇవ్వడం లేదు.

"అక్కడ పెట్టి ఇటు రా," అంది ఎనెయిదా.

"చల్లారిపోతుందమ్మా."

"చల్లారనీ. తాగాలనుకుంటే చల్లారిందే తాగుతుంది."

నిన్న గురువారం, చికిత్స రోజు. మంగళ, గురు, శనివారాల్లో యామిల్ అమ్మమ్మను తన ఎర్ర కారులో ఎక్కించుకుని, అద్హుంతాస్ ఊరి కొండ దిగి కింద పోన్సే పట్నంలోని ఆస్పత్రికి తీసుకెళ్తాడు. రక్తం శుద్ధి చేసే యంత్రం పక్కన ఆవిడ కూర్చున్నంతసేపూ తను బయట కూర్చుంటాడు. మళ్లీ కొండెక్కి ఆవిడను ఇంట్లో దింపి, మళ్లీ కొండ దిగి ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టుకు పోతాడు. నిన్న ఆవిడ బట్టలు మార్చుకోలేదు. "ఇంక నేను రాను," అని తలుపు వేసుకుంది.

మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి నర్సు ఫోను చేసింది. ఒకసారి మానితే ఒళ్లు ఓర్చుకుంటుంది, రెండోసారి కూడా మానితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, ఆ తర్వాత మేము చెప్పగలిగేదేమీ ఉండదు అంది. మర్యాదగానే అంది.

రేపు శనివారం. ముసలావిడ పాదాలు అప్పుడే పులిసిన పిండిలా పొంగాయి.

---

ఇంటి ముందు మార్కెసీనా. కారు నిలుపుకునే కప్పు అది, కానీ ఆ ఇంటి పుట్టినరోజులూ జపమాలలూ పోయినవాళ్ల తొమ్మిదో రోజు ప్రార్థనలూ అన్నీ దాని కిందే జరిగాయి. ఇప్పుడక్కడ ఎర్ర కారు ఉంది. రెండు తలుపుల బండి. పోయిన వారం దాకా మామూలుగానే ఉండేది. ఇప్పుడు దాని పొట్ట నేలకు రెండు వేళ్లు దగ్గరయింది. నాలుగు పక్కలా నల్లటి పెద్ద రిమ్ములు. వాటి చుట్టూ గాజుల్లా సన్నటి టైర్లు.

ఎనెయిదా తమ్ముడు నెఫ్తాలీ లారీ లాంటి తన బండి దిగి వచ్చాడు. ఊరి చివర టైర్ల షాపు అతనిది. నడుం మీద చేతులు పెట్టుకుని కారు చుట్టూ తిరిగాడు.

"ఇది కారట్రా, రోడ్డు ఊడ్చే చీపురా?"

"మామయ్యా, పొద్దున్నే మొదలెట్టకు."

"నేను మొదలెట్టానా? పక్కన ముసలమ్మను కూర్చోబెట్టుకుని తిరిగే బండికి పందెం స్ప్రింగులు వేసిందెవడు? మా అమ్మ నడుం ఇనప కమ్మీ అనుకున్నావా?"

"పాత షాక్ అబ్జార్బర్లు ఆయిలు కారిపోయాయి. వంపు తిరిగితే బండి పడవలా ఊగేది. కడుపులో తిప్పుతోందని అమ్మమ్మే అంది."

"షాకులు మార్చమంది. సర్కసు చెయ్యమన్లేదు."

మంగళవారం తిరిగొస్తుంటే వంతెన దగ్గర గుంటలో చక్రం దబ్బున పడింది. ప్రొవిదెన్సియా తుంటి మీద చెయ్యి వేసుకుని కళ్లు మూసుకుంది. ఇల్లు చేరేదాకా తెరవలేదు. యామిల్ ఈ మాట తల్లికి ఒకసారి చెప్పాడు, తనలో తను చాలాసార్లు చెప్పుకుని ఉంటాడు. నిద్ర లేని మొహం అది.

"షాకుల సంగతి సరే," అంది ఎనెయిదా. ఆమెకు నిజంగానే తెలియదు, తెలుసుకోవాలని అడిగింది. "చక్రాలు అంత పెద్దవి ఎందుకు నాన్నా?"

"ఆదివారం బళ్లను కాచే సాన్ క్రిస్టోబల్ పండగ కదమ్మా."

"అయితే?"

"మా క్లబ్బు బళ్లన్నీ వరసలో గుడికి వెళ్తాయి. ఫాదర్ ఒక్కో బండి మీదా తీర్థజలం చల్లుతాడు."

"పెద్ద చక్రాలయితే ఎక్కువ చల్లుతాడా?"

నెఫ్తాలీ పగలబడి నవ్వాడు. యామిల్ చెవులు ఎర్రబడ్డాయి. "నీకు అర్థం కాదులే అమ్మా," అన్నాడు.

అర్థం కాకపోవడం నిజమే. అయినా ఎనెయిదా అనుకుంది: పాపం, ఏడాదిగా వీడు ఆస్పత్రి బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటున్నాడు. ఈ వయసు కుర్రాళ్లు కూర్చునే చోటు కాదది. ఒక్క ఆదివారం వరసలో అందంగా నిలబడాలనుకోవడం పాపమా? పాపం కాకపోతే మరి దీని ఫలం ఆ గదిలో ఎందుకు పడుకుని ఉంది?

"పాత సామానే మళ్లీ పెట్టేద్దాం," అన్నాడు నెఫ్తాలీ. "కంపెనీ షాకులు, కంపెనీ స్ప్రింగులు, కంపెనీ చక్రాలు. బండి కట్టినవాడు తెలివితక్కువవాడా?"

"వాడు ఈ కొండ కోసం కట్టలేదు. రోజుకు రెండుసార్లు దిగి ఎక్కేది నేను. ఎదురుగా కంకర లారీ వస్తే పక్కకు తప్పించాలి, బ్రేకు తొక్కాలి. బండి ముక్కు నేలకు వంగిపోతుంటే అమ్మమ్మకి సుఖమా? ఊగినా కష్టమే, కుదిపినా కష్టమే."

ఇది విని నెఫ్తాలీ కాసేపు గడ్డం గోక్కున్నాడు. కుర్రాడి మాటలో న్యాయం ఉంది. ఉంటే ఒప్పుకునే మనిషే అతను, కాకపోతే ఒప్పుకునే ముందు ఇంకో నాలుగు అంటాడు.

"ఇది విను. గుంట దెబ్బ ముందు తినాల్సింది టైరు. దాని గోడలో గాలికి చోటుండాలి. నీ టైరులో చోటేదీ? టైరు తినని దెబ్బ రిమ్ము తింటుంది. రిమ్ము తిననిది షాకు తింటుంది. షాకూ తినలేనిది మా అమ్మ తింటోంది. పైగా ఈ నల్లవాటి బరువు చూశావా? బరువైన చక్రం గుంటలో పడితే తొందరగా పైకి రాదు, సుత్తిలా కొడుతుంది."

"అయితే ఏం పెట్టమంటావు?"

"షాపు వెనక నాలుగు చక్రాలున్నాయి. నీ వాటికంటే ఒక్క అంగుళం చిన్నవి. తేలిక. టైరు గోడ మందం. రంగే బాగోదు, తడిసిన బూడిదలా ఉంటాయి."

"ఆదివారం నేను బూడిద చక్రాలతో..." అని యామిల్ ఆగిపోయాడు. మూసిన తలుపు వైపు చూశాడు. "తీసుకురా," అన్నాడు.

"కొత్త షాకులు ఉండనీ. వాటికి పైన మర ఉంది కదా, మెత్తగా గట్టిగా తిప్పుకునేది. ఎక్కడ పెట్టావు?"

"గట్టి చివర."

"ఎందుకు?"

"బాగుంటుందని..."

"ఎవడికి?"

నెఫ్తాలీ కింద కూర్చుని చక్రం వెనక్కి తొంగి చూశాడు. అక్కడ చక్రాన్ని పట్టుకునే ఇనప చేతుల్ని బండికి కలిపే చోట రబ్బరు బుష్షులుంటాయి. ఒకదాన్ని వేలితో తడిమాడు. ఆ రబ్బరు పిండిన గుడ్డలా మెలిపడి ఉంది. అతని గొంతు మారింది.

"ఒరేయ్. ఈ బోల్టులు ఎప్పుడు బిగించావు? చక్రాలు నేల మీదున్నప్పుడా, వేలాడుతున్నప్పుడా?"

"జాకీ మీదున్నప్పుడు. అన్నీ బిగించాకే కదా కిందికి దించేది?"

నెఫ్తాలీ నుదుటి మీద సిలువ గుర్తు వేసుకున్నాడు.

"చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ వేలాడటాన్నే తన తీరు అనుకుంటుంది. బండి నేలకు దిగగానే మెలితిరిగిపోతుంది. నువ్వు నిలబెట్టినా మెలికే, నడిపినా మెలికే. ఏ గుంటొచ్చినా మెత్తగా వంగదు, ఎదురు తిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు."

"నాకెవరూ చెప్పలేదు."

"నాకూ చెప్పలేదు. మా నాన్న బండి నాలుగు బుష్షులు నేనూ చింపాను. బండి కింద గొయ్యి ఉన్న షాపులో పనిచేసేవాళ్లకి ఈ పాపం అంటదు. మార్కెసీనాలో జాకీ పెట్టుకుని పడుకునే మనలాంటి వాళ్లందరికీ అంటుతుంది."

ఎనెయిదా లోపలికి వెళ్లింది. యేసు తిరుహృదయం పటం ముందు దీపం వత్తి సరిచేసింది. దేవా, తప్పు ఆ బోల్టులదే కావాలి అని మొక్కుకుంది. మొక్కుకున్నాక తనకే అనుమానం వచ్చింది. జరిగిపోయినదాని కారణం ఇది కావాలీ అని మొక్కుకోవచ్చా? కారణమేదో దేవుడికి ఎలాగూ తెలుసు. తెలుసుకోవాల్సింది తను. అయినా మొక్కు వెనక్కి తీసుకోలేదు.

---

మధ్యాహ్నానికి నల్ల చక్రాలు గోడకు చేరగిలబడ్డాయి. బూడిద చక్రాలు ఎక్కాయి. ఎత్తు ఒక వేలు పెంచారు. మరను మెత్త వైపు తిప్పారు. బోల్టులన్నీ వదులు చేసి, బండిని నాలుగు మందపాటి చెక్కల మీదికి ఎక్కించారు. చక్రాలు చెక్కల మీద ఆని ఉన్నాయి, కింద మనిషి దూరడానికి చోటుంది.

"ఇప్పుడు బరువు కావాలి," అన్నాడు నెఫ్తాలీ. "రోజూ ఎక్కేవాళ్ల బరువుతో బిగిస్తే ఇంకా మంచిది. నీ సీట్లో నేను కూర్చుంటా. పక్క సీట్లో..."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

యామిల్ చేతులు తుడుచుకుని తలుపు దగ్గరికి వెళ్లాడు. "దీవించు, అమ్మమ్మా."

తలుపుకు నుదురు ఆనించాడు.

"నీ బరువు కావాలి."

కాసేపటికి లోపల్నుంచి గొంతు వినిపించింది. "ఎంత?"

"ఉన్నదంతా."

గడియ తీసిన చప్పుడయింది. ప్రొవిదెన్సియా ఇంట్లో తొడుక్కునే వదులు గౌనుతో, జుట్టు విరబోసుకుని బయటికి వచ్చింది. పొంగిన పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. ఎనెయిదా చెయ్యి ఇవ్వబోతే వద్దంది. గోడ పట్టుకుని మార్కెసీనా దాకా నడిచింది.

"దీవించమ్మా," అన్నాడు నెఫ్తాలీ.

"దేవుడు నిన్ను దీవించుగాక నాయనా," అంది వెంటనే.

యామిల్ తల వంచుకుని కారు తలుపు తీశాడు.

"బియ్యం బస్తా దొరకలేదా?" అంది ఆవిడ, సీట్లోకి ఒదుగుతూ.

"బస్తా తిట్టదు కదమ్మా," అన్నాడు నెఫ్తాలీ. "ఇన్ని తిట్ల బరువు ఏ బస్తాకుంటుంది?"

ఆవిడ పెదవి చివర కొంచెం కదిలింది. అది నవ్వో కాదో.

యామిల్ పానా పట్టుకుని బండి కిందికి దూరాడు. కింద బోల్టు కిటకిటమంది. ఎనెయిదా కారు కిటికీ దగ్గర నిలబడి తల్లి చేతిని చూస్తోంది. ఎడమ మోచేతి లోపల, సూదులు గుచ్చీ గుచ్చీ తాడులా లేచిన నరం.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"లేదు."

"తుంటి?"

"బాగానే ఉంది."

"మరి మంగళవారం?"

"మంగళవారం మంగళవారమే."

ఎనెయిదాకు ఇంకో ప్రశ్న నోటిదాకా వచ్చింది. ఏమని అడగాలో తెలియక మింగేసింది. నోరు పెగలని ఇంట్లో పానా చప్పుడే పెద్దదవుతుంది.

ప్రొవిదెన్సియా అద్దానికి వేలాడే జపమాలను వేలితో ఊపింది. తర్వాత బయటికి చూసింది.

"యామిల్, ఆ నల్లవి తీసేశావేం?"

కింద పానా ఆగింది. "తీసేశాను అమ్మమ్మా."

"బాగుండేవి."

నెఫ్తాలీ తల తిప్పి తల్లిని చూశాడు. ఆవిడ కళ్లు మూసుకుంది. పానా మళ్లీ కదలడానికి కొంచెంసేపు పట్టింది.

---

శనివారం పొద్దున ఎనెయిదా లేచేసరికి తల్లి అప్పటికే తయారై హాల్లో కూర్చుని ఉంది. తల దువ్వుకుంది. చెవులకు ముత్యాలు. ఒళ్లో చేతిసంచి. నీలం గౌను, ఆదివారం పూజకు తొడుక్కునేది. మణికట్టు దాకా చేతులు, గుండీలు పెట్టినవి.

ఆస్పత్రిలో సూదులకు పొట్టి చేతుల చొక్కా కదా తొడుక్కోవాలి, అనుకుంది ఎనెయిదా. పోనీలే, అక్కడ మడిచిపెట్టవచ్చు. మనిషి లేచి తయారైంది, అదే పదివేలు. తిరుహృదయానికి గబగబా దండం పెట్టి తనూ బయల్దేరింది. తోడుండాలనిపించింది. వెనక సీటు మనుషుల కోసం చేసింది కాదు. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, మడతపెట్టిన దుప్పటిలా కూర్చుంది.

"దీవించు, అమ్మమ్మా," అన్నాడు యామిల్ తాళం తిప్పుతూ.

ఆవిడ బెల్టు పెట్టుకుంది. "పోనీ," అంది.

కొండ దిగడం మొదలైంది. అరటి తోటలు దాటాయి. తోట నిండా గెలలు. కిడ్నీలు చెడ్డాక ప్రొవిదెన్సియా అరటిపండు తినకూడదు. ఆవిడ ఆ వైపు చూడలేదు.

వంపులో బండి ఊగలేదు. ముక్కు వంచలేదు. చెయ్యి చాచినంత మెత్తగా తిరిగింది. యామిల్ మొహంలో మెల్లగా రంగు వచ్చింది. వంతెన ముందు వేగం తగ్గించాడు. గుంట కనిపిస్తూనే ఉంది, పక్కనుంచి తప్పించుకోవచ్చు. తప్పించలేదు. ఊపిరి బిగపట్టి కావాలనే చక్రాన్ని దాంట్లోకి దించాడు.

తప్‌మంది. అంతే. అద్దానికి వేలాడే జపమాల ఒక్కసారి ఊగి నిలబడింది.

"చూశావా అమ్మా!" అన్నాడు అద్దంలో ఎనెయిదాను చూస్తూ. గొంతు చిన్నపిల్లాడి గొంతయింది. "అమ్మమ్మా, తగిలిందా?"

"లేదు నాన్నా. ఉయ్యాలలా ఉంది."

ఎనెయిదా కళ్లు తుడుచుకుంది. బోల్టులే. దేవుడా, బోల్టులే. మిగతా దారంతా ఆమె జపమాల చెప్పుకుంది. ముందు సీట్లోంచి తల్లి గొంతు కూడా సన్నగా కలిసింది. ఎండ ఎక్కింది. కొండలు వెనకబడి పోన్సే చదును వచ్చింది.

పెద్ద కూడలిలో ఎర్ర దీపం పడింది. ఎడమకు తిరిగితే ఆస్పత్రి. నేరుగా పోతే సముద్రం. యామిల్ ఎడమ దీపం వేశాడు. టిక్కు టిక్కుమంటోంది.

"నేరుగా పోనీ," అంది ప్రొవిదెన్సియా.

"అమ్మమ్మా, ఆస్పత్రి ఎడమకు."

"ఎటో నాకు తెలుసు. ఏడాదిగా వస్తున్నాను."

"మళ్లీ ఏమైంది?" అన్నాడు. "బండి బాగుందన్నావు కదా. ఉయ్యాలలా ఉందన్నావు."

"బాగుంది. మొన్న కూడా బాగానే ఉంది. బండి కుదుపుతోందని అన్నది మీరు. నేను అన్లేదు."

"మరి మంగళవారం కళ్లు మూసుకున్నావు..."

"మోన్సెరాతే కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉన్నారు." ఆవిడ ముందున్న అద్దంలోంచి ఎండను చూస్తూ మాట్లాడుతోంది. "ఏడాదిగా నా పక్క కుర్చీ అతనిది. తన కోళ్ల సంగతులు చెప్పేవాడు. మంగళవారం వెళ్లేసరికి ఎవరో కొత్తాయన. ఏమయ్యాడని నర్సుని అడిగాను. నవ్వి, సూది గుచ్చింది. కుర్చీ మీద దుప్పటి మాత్రం మార్చారు."

ఎనెయిదా వేలు జపమాల పూస దగ్గర ఆగిపోయింది.

"నాతో చెప్పకూడదా అమ్మా?"

"నువ్వు అడిగావా? ఎక్కడ నొప్పి అని అడిగావు. కాఫీ తాగవేం అని అడిగావు. వాళ్లిద్దరూ చక్రాలు మార్చారు. మంచి పిల్లలు. నా కోసం ఇంత చేస్తున్నారే అని నోరు మూసుకుని బస్తాలా కూర్చున్నాను. ఏం కావాలమ్మా నీకు, అని ఒక్కరూ అడగలేదు. వీడు పొద్దున లేస్తే దీవించు దీవించు అంటాడు. దీవిస్తే మళ్లీ అక్కడికే తీసుకెళ్తాడు."

దీపం పచ్చగా మారింది. వెనక ఎవరో హారను కొట్టారు. ఇంకొకరు కొట్టారు.

"అమ్మా," అన్నాడు యామిల్. అద్దంలో అతని కళ్లు తల్లి కోసం వెతికాయి. "ఎటు?"

మడతపడి కూర్చున్న ఎనెయిదాకు కాళ్లు తిమ్మిరెక్కాయి. నర్సు చెప్పిన మాట గుర్తుంది. తల్లి పాదాలు ఇక్కణ్నుంచి కనబడవు, అయినా కనబడుతున్నాయి. ఎడమకు తిప్పరా అంటే అయిపోతుంది. వాడు తిప్పుతాడు. ఆవిడ గుండీ విప్పి చెయ్యి చాపుతుంది. మళ్లీ మంగళవారం వస్తుంది. తను కోరిందీ అదే కదా. అదే మొక్కుకుంది కదా.

"దీపం ఆపు నాన్నా," అంది. "పక్కకు తీసి నిలుపు. అమ్మమ్మని అడగాలి."

యామిల్ చెయ్యి కదిలింది. టిక్కు టిక్కు ఆగింది. బండి కూడలి దాటి, చిన్న కుదుపైనా లేకుండా, నేరుగా వెళ్లే దారి అంచున నిలబడింది. ముందు ఎక్కడో రొట్టెలా తెల్లటి మబ్బు, దాని కింద నీలం గీత.

ప్రొవిదెన్సియా ఎడమ చెయ్యి ఎత్తి మనవడి తల మీద పెట్టింది.

"దేవుడు నిన్ను దీవించుగాక," అంది.

గురువారం నుంచి బాకీ ఉన్న మాట. అది ఆగినందుకు ఇచ్చిందో, ఇక సముద్రానికి పోనిమ్మని ఇచ్చిందో ఎనెయిదాకు తెలియలేదు. ముందుకు వంగి, సీటు అంచు పట్టుకుని, నిన్న మింగేసిన ప్రశ్నను తల్లిని అడిగింది: "ఏం కావాలమ్మా నీకు?"

ప్రొవిదెన్సియా మణికట్టు దగ్గరి గుండీ మీద వేలు పెట్టి, దాన్ని విప్పాలా వద్దా అన్నట్టు, అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.